చిన్నపిల్లల ఇంట్లో పేచీలు పుట్టే వేళలు

ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పొద్దు గుంకేసరికి, రోజంతా పేచీలతోనే గడిచిపోయిందని పెద్దలకు అనిపించడం సహజం. అయితే ఆ పేచీలు ఏయే వేళల్లో వచ్చాయో నాలుగు రోజులు వరుసగా గమనిస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఆటలో మునిగి ఉన్నప్పుడు, ఒడిలో కూర్చుని కథ వింటున్నప్పుడు, పెద్దల పక్కన నిలబడి గిన్నెలో నీళ్లు కలుపుతున్నప్పుడు పిల్లలు పెద్దగా ఇబ్బంది పెట్టరు. గొడవలో ఎక్కువ భాగం ఒక పని ముగిసి మరో పని మొదలవాల్సిన చోట పోగుపడుతుంది. నిద్ర లేచి మొహం కడుక్కోవాల్సినప్పుడు, ఆట ఆపి స్నానానికి రావాల్సినప్పుడు, చెప్పులు వేసుకుని గుమ్మం దాటాల్సినప్పుడు, చేతిలోని ఫోను తిరిగి ఇచ్చేయాల్సినప్పుడు, దీపం ఆర్పి పడుకోవాల్సినప్పుడు ఏడుపు లంకించుకుంటారు. ఇవన్నీ రోజులోని మలుపులు. ఇలాంటి ఇంట్లో రోజు సాఫీగా సాగిందా లేదా అన్నది ప్రధానంగా ఈ మలుపులు ఎలా దాటాయన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పేచీని పిల్లల స్వభావంగా చూసే ఇంట్లో దిద్దుబాటు ప్రయత్నమంతా పిల్లల మీదికే వెళ్తుంది. మొండివాడనీ, గారం ఎక్కువైందనీ, చెప్పిన మాట వినదనీ పేరు పడుతుంది; ఒకసారి పడ్డ పేరు ఏళ్ల తరబడి వదలదు. అదే పేచీని రోజు అమరికలో ఉన్న చిక్కుగా చూడగలిగితే, సరిచేయడానికి వీలైనవి పెద్దల చేతుల్లోనే చాలా దొరుకుతాయి. పిల్లల ఎదుగుదల గురించి గత డెబ్బై ఎనభై ఏళ్లలో తెలిసిన విషయాల్లో ఎన్నో ఈ రెండో చూపునే బలపరుస్తున్నాయి. మారాం చేసే పిల్లల్లో ఎక్కువమంది పెద్దల్ని ధిక్కరించడం లేదు. పెద్దలు అడిగిన పని చేయడానికి కావలసిన సామర్థ్యం వాళ్లలో ఇంకా తయారవుతూ ఉంది.

మొదటి చిక్కు కాలానికి సంబంధించింది. పెద్దల రోజు గడియారం ప్రకారం నడుస్తుంది. “ఇంకో పది నిమిషాల్లో బయల్దేరాలి” అన్న మాటలో పెద్దలకు ఒక కొలత ఉంది. ఆ పది నిమిషాల్లో ఏమేం పనులు పూర్తవుతాయో, ఏవి కావో మనసులో లెక్క తయారవుతుంది. మూడేళ్ల బిడ్డకు అదే మాటలో అందేది బయల్దేరడం ఒక్కటే. పది నిమిషాలంటే ఎంతసేపో తెలియదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే పిల్లల కాలభావన మీదే 1946లో ప్రత్యేకంగా ఒక గ్రంథం ప్రచురించాడు. దానికి ప్రేరణ 1928లో దావోస్‌లో ఐన్‌స్టీన్ వేసిన ప్రశ్న అని ఆయనే చెప్పుకున్నాడు. రెండు బొమ్మలు ఒకేసారి కదిలి ఒకేసారి ఆగినా, వాటిలో ఒకటి ఎక్కువ దూరం వెళ్తే అదే ఎక్కువసేపు నడిచిందని చిన్నపిల్లలు చెప్పడం పియాజే గమనించాడు. అంటే వాళ్లకు కాలం పని నుంచి విడివడి ఉండదు. ఎంతసేపయిందన్నది ఎంత పని జరిగిందన్న దాన్ని బట్టే తేలుతుంది. మూడు దిమ్మెలు మాత్రమే పేర్చిన బిడ్డ దృష్టిలో ఆట ఇప్పుడే మొదలైంది, గడియారం అరగంట గడిచిందని చెబుతున్నా సరే.

అలాగని పిల్లలకు రోజు క్రమం తెలియదనుకోకూడదు. గడియారం అందకపోయినా, ఏ పని తర్వాత ఏ పని వస్తుందో వాళ్లకు చాలా చిన్న వయసులోనే పట్టుబడుతుంది. క్యాథరీన్ నెల్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970లు, 80లలో చేసిన పరిశోధనల్లో, మూడేళ్ల పిల్లలు సైతం తమకు అలవాటైన సందర్భాల్లో ముందు ఏం జరుగుతుంది, తర్వాత ఏం జరుగుతుంది అన్నది వరుస తప్పకుండా చెప్పగలిగారు. రోజూ చదివే కథలో ఒక పుట దాటేస్తే వెంటనే పట్టుకునేదీ, స్నానం తర్వాత తువ్వాలు బదులు ముందు దుస్తులు తెస్తే అభ్యంతరం చెప్పేదీ ఈ తెలివే. పెద్దలకు విసుగు తెప్పించే ఈ పట్టింపు నిజానికి బిడ్డ ఎదుగుదలకు గుర్తు. గడియారం లేని మనిషికి వరుసే గడియారం. ఆ వరుస చెడినప్పుడు, తర్వాత ఏం వస్తుందో తెలియని అయోమయం ఏడుపుగా బయటికి వస్తుంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఒక పని నుంచి మరో పనికి మనసును మళ్లించుకోవడం పెద్దలకు ఎంత అలవాటైపోయిందంటే, అదొక నైపుణ్యమన్న స్పృహే వాళ్లకు ఉండదు. ఈ నైపుణ్యాన్ని పరీక్షించడానికి కెనడాలో ఫిలిప్ జెలాజో, ఆయన సహచరులు 1990లలో ఒక చిన్న కార్డుల ఆటను వాడారు. బొమ్మలున్న కార్డుల్ని ముందు రంగును బట్టి వేరు చేయమంటారు. కాసేపయ్యాక నియమం మార్చి, ఇప్పుడు ఆకారాన్ని బట్టి వేరు చేయమంటారు. మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది నియమం మారాక కూడా రంగును బట్టే వేస్తూ పోతారు. విశేషమేమిటంటే, కొత్త నియమం ఏమిటని అడిగితే ఆ పిల్లలే సరిగ్గా చెబుతారు. చెప్పి, మళ్లీ పాత పద్ధతిలోనే కార్డు వేస్తారు. ఐదేళ్లు వచ్చేసరికి చాలామంది ఈ ఆటను సునాయాసంగా ఆడతారు.

ఇంట్లో ప్రతిరోజూ వినిపించే ఒక ఫిర్యాదుకు ఈ ప్రయోగంలో సమాధానం ఉంది. “తెలిసి కూడా చేయడు” అని పెద్దలు అంటారు. తెలియకపోతే క్షమించవచ్చు గాని, తెలిసి చేయకపోవడం మొండితనమేనని వాళ్ల వాదన. మూడేళ్ల వయసులో తెలియడానికీ చేయడానికీ మధ్య నిజంగానే దూరం ఉంటుంది. ఆట ఆపి రావాలని బిడ్డకు తెలుసు, అడిగితే చెబుతుంది కూడా; కానీ సాగుతున్న పని మీది నుంచి మనసును పెకలించుకునే శక్తి మెదడు ముందు భాగపు ఎదుగుదల మీద ఆధారపడి ఉంటుంది, ఆ భాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై ఏళ్లకు పైగానే పడుతుంది. పిల్లల పెంపకంలో జరిగే అన్యాయాల్లో చాలా భాగం ఈ దూరాన్ని గుర్తించకపోవడం వల్లే జరుగుతోంది.

మాటకున్న శక్తి గురించి కూడా పెద్దలు కొంత ఎక్కువగా ఊహించుకుంటారు. సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా చిన్నపిల్లల చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇచ్చి, చెప్పినప్పుడు నొక్కమని, వద్దన్నప్పుడు ఆపమని అడిగేవాడు. రెండు మూడేళ్ల మధ్య పిల్లలు నొక్కుతూ ఉన్నప్పుడు “నొక్కకు” అంటే ఆపడానికి బదులు మరింత గట్టిగా నొక్కడం ఆయన చూశాడు. ఆ వయసులో మాట అర్థం కన్నా మాట ఇచ్చే ఊపే ముందుగా పనిచేస్తుంది. దూరం నుంచి “పరిగెత్తకు” అని కేక వేస్తే బిడ్డ ఇంకా వేగంగా పరిగెత్తడానికి కారణం పంతం కాకపోవచ్చు. “నడువు” అంటే పని జరిగే అవకాశం ఎక్కువ. చేయి పట్టుకుని నడవడం మొదలుపెడితే ఇంకా ఎక్కువ.

ఇక పెద్దల వైపు ఏం జరుగుతోందో చూడాలి, ఎందుకంటే మలుపులో ఇరుక్కునేది బిడ్డ ఒక్కటే కాదు. బయల్దేరే వేళ దగ్గరపడేకొద్దీ పెద్దలు ఒకేసారి నాలుగు పనులు చేస్తుంటారు. సంచి సర్దుతూ, తాళంచెవి వెతుకుతూ, పక్క గదిలోంచే ఆజ్ఞలు ఇస్తుంటారు. ఆజ్ఞల సంఖ్య పెరుగుతుంది, స్వరం హెచ్చుతుంది, ఒక్కో మాటకూ బిడ్డకు దొరికే సమయం తగ్గుతుంది. విన్నది అర్థం చేసుకుని కదలడానికి చిన్నపిల్లలకు పెద్దల కన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ కాస్త వ్యవధి పూర్తికాక ముందే రెండో ఆజ్ఞ వచ్చి మొదటిదాన్ని చెరిపేస్తుంది. చివరికి ఎవరో ఒకరు బిడ్డను ఎత్తుకుని బలవంతంగా చెప్పులు తొడుగుతారు. ఇలా రోజూ జరిగితే ఆ మలుపే భయం పుట్టించేదిగా తయారవుతుంది, మర్నాడు పేచీ ఇంకా ముందే మొదలవుతుంది.

ఈ పరిస్థితిలో పనికొచ్చే మార్పులు నిజానికి చాలా సాధారణమైనవి. పక్క గదిలోంచి పిలవడం మాని, దగ్గరికి వెళ్లి, బిడ్డ ఎత్తుకు వంగి, చేస్తున్న ఆటను ఒక్క క్షణం చూసి, ఆ ఆట గురించే ఒక మాట అని, తర్వాత చెప్పాల్సింది చెప్పడం వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. దీనివల్ల బిడ్డ దృష్టి ఆట మీది నుంచి ఒక్కసారిగా తెగిపోకుండా మనిషి మీదికి మళ్లుతుంది. నిమిషాల లెక్కకు బదులు పని లెక్క చెప్పడం రెండోది: “ఐదు నిమిషాల్లో రా” అనడం కన్నా “ఈ గోపురం పూర్తయ్యాక వద్దాం” అనడం, “ఇంకో రెండుసార్లు జారి దిగుదాం” అనడం పిల్లలకు అందే కొలతలు. సగంలో ఉన్న ఆటను చెరిపేయకుండా, తిరిగి వచ్చాక కొనసాగించేలా ఉన్నదున్నట్టు ఉంచితే కొన్ని పేచీలు అసలు మొదలే కావు. చాలామంది పిల్లల దుఃఖం ఆట ఆగినందుకు కాదు, ఆట పోయినందుకు.

ముందుగా హెచ్చరిస్తే చాలన్న సలహా విస్తృతంగా వినిపిస్తుంది గాని, అది అన్ని సందర్భాలకూ సరిపోదు. ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల ఇళ్లలో ఫోను, టీవీ వంటి తెరల వాడకం ఎలా ముగుస్తోందో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2016లో ఫలితాలు వెల్లడించారు. “ఇంకో రెండు నిమిషాలే” అన్న హెచ్చరిక ఇచ్చినప్పుడు ఆపడం సులువు కాకపోగా మరింత కష్టమైందని ఆ తల్లిదండ్రుల రోజువారీ నమోదుల్లో తేలింది. అదే తెర చూడటం ఇంటి వరుసలో భాగంగా ముగిసినప్పుడు, లేదా చూస్తున్నది తనంతట తానే అయిపోయినప్పుడు పిల్లలు తేలికగా లేచారు. ఒక వీడియో అయిపోగానే మరొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఆ సహజమైన ముగింపును తీసేస్తుంది. ముగింపు లేనిదాన్ని ఆపే పని మొత్తం తల్లిదండ్రుల మీద పడుతుంది, వాళ్లతో పేచీ తప్పదు. పిల్లల చేతికి ఫోను ఇచ్చే ముందు ఆ ఏర్పాటును ఆపివేయడం నీతిబోధల కన్నా ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు ఒక గంట మించకూడదు, తగ్గితే మరీ మంచిది.

మలుపుల్ని తేలికపరిచే మరో మార్గాన్ని చాలా ఇళ్లు వాడుకోవు. అది పిల్లల్ని పనిలో కలుపుకోవడం. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో పద్దెనిమిది నెలల పిల్లలు, ముక్కూమొహం తెలియని పెద్దమనిషి చేతిలోంచి వస్తువు జారిపడితే తీసి ఇచ్చారు. రెండు చేతులా సామాను పట్టుకుని బీరువా తలుపు తెరవలేకపోతుంటే వెళ్లి తెరిచారు. ఎవరూ అడగలేదు, మెచ్చుకోలేదు. ఆ తర్వాత 2008లో వాళ్లే చేసిన మరో ప్రయోగంలో, సహాయానికి బదులుగా ఆటవస్తువు పొందిన పిల్లలు తర్వాత సహాయం చేయడం తగ్గించారు. ఏమీ పొందని పిల్లలు కొనసాగించారు. సాయపడాలన్న ఉత్సాహం ఆ వయసులో సహజంగా ఉందనీ, బహుమతి దాన్ని పెంచకపోగా తగ్గించవచ్చనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

అయినా చాలా ఇళ్లలో ఈ ఉత్సాహం వృథా అవుతుంది, ఎందుకంటే రెండేళ్ల బిడ్డ చేసే సాయం పనిని తగ్గించదు, పెంచుతుంది. బట్టలు మడతపెట్టడానికి వచ్చిన చేతులు మడతపెట్టినవాటిని విప్పేస్తాయి. నేల తుడవడానికి వచ్చిన బిడ్డ బకెట్టు ఒలకబోస్తుంది. అందుకే పెద్దలు బిడ్డను ఆటకు పంపి, పని త్వరగా ముగించి, తర్వాత ఆ ఆటలోంచి లాక్కొచ్చే తిప్పలు పడతారు. పని పక్కనే బిడ్డకూ ఒక చిన్న భాగం ఇచ్చిన ఇంట్లో ఆ లాక్కొచ్చే మలుపే ఉండదు; పెద్దల పనీ బిడ్డ కాలక్షేపమూ ఒకే వరుసలో సాగుతాయి. పని ఆలస్యమవుతుంది, నిజమే. అయితే ఆ ఆలస్యాన్నీ, తర్వాత పేచీలో పోయే సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూసే ఇళ్లు తక్కువ.

ఈ ఆలస్యాన్ని భరించాలంటే రోజులో వెసులుబాటు ఉండాలి. ఎక్కడికైనా వెళ్లడానికి పెద్దలకు పట్టే సమయాన్నే లెక్కవేసి, దాని చివర పిల్లల్ని తగిలిస్తే ఏ ఉపాయమూ పనిచేయదు. రెండేళ్ల బిడ్డ తనంతట తాను చెప్పు తొడుక్కోవడానికి ప్రయత్నిస్తున్నప్పుడు ఆ ప్రయత్నానికి చోటుంటే అది నేర్చుకోవడం. చోటు లేకపోతే అదే చర్య అల్లరి అవుతుంది. బిడ్డలో ఏ తేడా లేకపోయినా మిగిలిన నిమిషాలను బట్టి పేరు మారిపోతోంది. పిల్లలతో తెమలడం అన్నది పెద్దలు తెమిలే పనికి చేర్పు కాదు, వేరే పని. దానికి వేరే సమయం కేటాయించాలి.

సాయంత్రాల్లో ఈ చిక్కులన్నీ ఒకచోట చేరతాయి. నిద్ర ఎప్పుడు వస్తుందన్నది రెండు శక్తుల మీద ఆధారపడి ఉంటుందని స్విస్ పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో ప్రతిపాదించాడు: మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి ఒకటి, శరీరంలోని అంతర్గత గడియారం రెండోది. చిన్నపిల్లల్లో ఈ ఒత్తిడి పెద్దల కన్నా వేగంగా పెరుగుతుంది, అందుకే వాళ్లకు పగటి కునుకు కావాలి. కునుకు మానే వయసులో, అంటే సుమారు మూడు నుంచి ఐదేళ్ల మధ్య, మధ్యాహ్నం పడుకోని రోజున సాయంత్రానికి బిడ్డ పూర్తిగా అలసిపోయి ఉంటుంది గాని, రాత్రి నిద్రవేళ ఇంకా రాదు. అలసిన బిడ్డ మందకొడిగా ఉంటుందని పెద్దలు ఆశిస్తారు. చాలామంది పిల్లల్లో జరిగేది దానికి వ్యతిరేకం: అలసట చిరాకుగా, గంతులుగా, ఆపలేని నవ్వుగా, ఆ వెంటనే ఏడుపుగా బయటపడుతుంది. సరిగ్గా అదే వేళకు పెద్దలు కూడా పని నుంచి అలసి వచ్చి ఉంటారు. భోజనం, స్నానం, పడక అన్న మూడు మలుపులూ వరుసగా ఆ గంటన్నర రెండు గంటల్లోనే దాటాల్సి ఉంటుంది.

ఈ వేళకు వరుస ఎంత అవసరమో చూపిన పరిశోధనల్లో జోడీ మిండెల్, ఆమె సహచరులు 2009లో ప్రచురించినది ముఖ్యమైనది. ఏడు నెలల నుంచి మూడేళ్ల మధ్య పిల్లలున్న 405 మంది తల్లులు అందులో పాల్గొన్నారు. వారిలో కొందరు రెండు వారాల పాటు ప్రతి రాత్రీ ఒకే వరుస పాటించారు: స్నానం, ఒళ్లు మర్దన లేదా లేపనం, తర్వాత జోలపాట, ఒడిలో లాలించడం వంటి నెమ్మదైన పని. పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి మేల్కోవడం తగ్గింది, తల్లుల మనఃస్థితి కూడా మెరుగుపడింది. ఆ పనుల్లో ఏదీ కొత్తది కాదు. కొత్తదల్లా అవి రోజూ అదే వరుసలో రావడం. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పడక ఆలస్యమైన రోజున కోత పడేది ఈ గంటల్లోనే, దాని ఫలితం మర్నాటి ఉదయపు మలుపులో కనిపిస్తుంది.

తొలి మూడు నెలల శిశువులకు ఈ మాటలేవీ వర్తించవు. వాళ్లలో పగలూ రాత్రీ తేడా ఇంకా స్థిరపడదు. ఏడుపు కూడా పుట్టిన రెండో వారం నుంచి పెరుగుతూ వచ్చి, సుమారు ఆరో వారానికి పతాక స్థాయికి చేరి, తర్వాత తగ్గుతుందని అమెరికన్ శిశువైద్యుడు టి. బెరీ బ్రేజెల్టన్ 1962లో నమోదు చేశాడు. ఆ ఏడుపు సాయంత్రాల్లోనే ఎక్కువ. ఆ దశలో శిశువును ఒక వరుసలో పెట్టాలని చూడటం కన్నా, పెద్దలు వంతులవారీగా నిద్రపోయే ఏర్పాటు చేసుకోవడం ఇంటికి మేలు.

ఎంత జాగ్రత్త పడ్డా కొన్ని పేచీలు పెద్ద ఏడుపుగా మారతాయి. మైకేల్ పోటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ 2003లో ప్రచురించిన విశ్లేషణలో ఇలాంటి ఏడుపుల్లో కోపం, దుఃఖం అని రెండు పాయలున్నట్టు తేలింది. కోపం త్వరగా ఎగసి తగ్గిపోతుంది. దుఃఖం అడుగున సాగుతూ, చివరికి బిడ్డను ఓదార్పు కోసం పెద్దల దగ్గరికి తెస్తుంది. కోపం ఎగసిన వేళ కారణాలు వివరించడం, ప్రశ్నలు వేయడం, తర్కించడం వృథా. ఆ నిమిషంలో బిడ్డకు దెబ్బ తగలకుండా చూసుకుంటూ దగ్గరే ఉంటే చాలు. కోపం దిగి బిడ్డ చేతులు చాచినప్పుడు దగ్గరికి తీసుకోవడం వల్ల గారం పెరుగుతుందన్న భయానికి ఆధారం లేదు. అడిగిన వస్తువు ఇవ్వడం వేరు, ఓదార్చడం వేరు.

రెండో బిడ్డ వచ్చిన ఇంట్లో మలుపుల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. బ్రిటన్‌లో జూడీ డన్, క్యారల్ కెండ్రిక్ ఇళ్లకే వెళ్లి చేసిన పరిశీలనల్లో, తల్లి పసిబిడ్డకు పాలివ్వడం, ఎత్తుకోవడం వంటి పనుల్లో ఉన్నప్పుడే పెద్దబిడ్డ అల్లరి పెరగడం కనిపించింది. తల్లి దృష్టి తన మీది నుంచి మళ్లడం కూడా బిడ్డకు ఒక మలుపే, పైగా అది చెప్పకుండా వచ్చే మలుపు. ఆ పరిశీలనల్లోనే మరో సంగతి తేలింది: పసిబిడ్డకూ ఇష్టాలు, అవసరాలు ఉన్నాయని పెద్దబిడ్డతో మాట్లాడుతూ, “ఎందుకు ఏడుస్తోందో, ఆకలేమో” అని వాళ్లనూ ఆలోచనలో కలుపుకున్న ఇళ్లలో, ఏడాది దాటాక కూడా ఆ పిల్లల మధ్య స్నేహం ఎక్కువగా ఉంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ చేయడానికి ఎవరో ఒకరు రోజంతటినీ మనసులో ముందుగా నడిపి చూసుకోవాలి. ఆ ఒక్కరెవరన్నది ఇంటి శాంతికి సంబంధించిన పెద్ద ప్రశ్న. అలిసన్ డామింజర్ అనే సమాజ శాస్త్రవేత్త 35 జంటలతో మాట్లాడి 2019లో ప్రచురించిన వ్యాసంలో ఇంటి ఆలోచన పనిని నాలుగు భాగాలుగా చూపింది: అవసరాన్ని ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయించేటప్పుడు ఇద్దరూ కలుస్తారు. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండటం ఎక్కువగా స్త్రీల మీదే పడతాయి. కొలవడానికి వీల్లేని పనులు కాబట్టి ఇవి బయటికి కనిపించవు. కునుకు ఆలస్యమైందనీ, కాబట్టి సాయంత్రం బయటికి వెళ్లడం మానాలనీ ఒక్కరికే గుర్తుంటే, మలుపు దగ్గర రెండో మనిషి చేసే సాయం ఆజ్ఞకు ఎదురుచూసే సాయంగానే మిగిలిపోతుంది. పనులు పంచుకున్నా అలసట ఎందుకు పంచుకోబడలేదని ఆశ్చర్యపోయే ఇళ్లలో వెతకాల్సింది ఇక్కడే. ఒక మలుపును మొదటి నుంచి చివరి దాకా, గుర్తుపెట్టుకోవడంతో సహా, ఒకరు పూర్తిగా తీసుకోవడం పనిని ముక్కలుగా పంచుకోవడం కన్నా మేలు.

ఒకే ఏర్పాటు ఇద్దరు పిల్లలకు ఒకేలా పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ 1956లో మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనంలో శిశువుల సహజ స్వభావాన్ని తొమ్మిది లక్షణాలుగా వర్గీకరించారు. మార్పుకు ఎంత త్వరగా అలవాటు పడతారన్నది వాటిలో ఒకటి. సుమారు 40 శాతం పిల్లలు తేలికగా ఇమిడిపోయేవాళ్లు, 10 శాతం కష్టపెట్టేవాళ్లు, 15 శాతం నిదానంగా అలవాటు పడేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ వర్గంలోకీ రాలేదు. బిడ్డ స్వభావం మంచిదా చెడ్డదా అన్న దానికి వాళ్లు ప్రాధాన్యం ఇవ్వలేదు. ఆ స్వభావానికీ ఇంటి తీరుకూ పొంతన ఉందా అన్నదే ముఖ్యమన్నారు. తేలికైన బిడ్డను మొదట పెంచిన తల్లిదండ్రులు, నిదానమైన రెండో బిడ్డ దగ్గర తమ పెంపకమే దెబ్బతిందని బాధపడటం తరచుగా చూస్తాం. అక్కడ దెబ్బతిన్నది పొంతన మాత్రమే, దాన్ని మళ్లీ కుదుర్చుకోవచ్చు.

పొంతన ఎప్పుడూ ఉండాలని కూడా లేదు. తల్లీ శిశువుల ముఖాముఖిని క్షణక్షణం పరిశీలించిన ఎడ్వర్డ్ ట్రానిక్, వాళ్లిద్దరి భావాలు సరిగ్గా కలిసి ఉండేది దాదాపు 30 శాతం సమయమేనని గమనించాడు. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. ఆరోగ్యంగా సాగుతున్న జంటల్లోనే పరిస్థితి ఇది. ఉదయం గదమాయించిన తల్లి లేదా తండ్రి సాయంత్రం దగ్గర కూర్చుని, “పొద్దున గట్టిగా అరిచాను, నీకు భయమేసి ఉంటుంది” అని చెప్పే మాటకు ఈ లెక్కల్లో చాలా విలువ ఉంది.

వెసులుబాటు అన్ని ఇళ్లకూ సమానంగా దొరకదన్న మాటను దాటవేయకూడదు. పని వేళలు వారం వారం మారిపోయే ఉద్యోగం చేసేవాళ్లకు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు అదనపు అరగంట ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్లను ఓపిక పట్టమని బోధించడం అన్యాయం. ముందుగా తెలిసే పని వేళలు, పసిపిల్లల తల్లిదండ్రులకు సెలవు వంటివి యజమానులు, ప్రభుత్వాలు చేయాల్సిన పనులు. అయితే పిల్లల కాలభావన ఇలాంటి ఇళ్లకు ఒక మేలు చేస్తుంది. బిడ్డ పట్టుకునేది వేళను కాదు, వరుసను. పడక ఒకరోజు ఎనిమిదికి, మరోరోజు తొమ్మిదికి అయినా, ఒకరోజు తల్లి, మరోరోజు తాతయ్య పడుకోబెట్టినా, స్నానం, కథ, దీపం ఆర్పడం అదే క్రమంలో వస్తే బిడ్డకు ఆ రాత్రి తెలిసిన రాత్రే. అందువల్ల బిడ్డను చూసుకునే వాళ్లందరూ ఆ మూడు పనుల వరుస ఒకటే తెలుసుకుని ఉంటే, వేళ కుదరని ఇంట్లో కూడా పడక మలుపు చాలావరకు తేలికగా దాటుతుంది.